ఆగినాక వేడి

కోవా పొట్లం కట్టించుకునేంత సేపే ఆపినా.
గువ్వలచెరువు. మే నెల. మిట్టమధ్యాహ్నం.
కడప నుంచి ఘాటు పొడుగునా సెకండ్ గేర్లో
ఒక్క దగ్గు లేకుండా ఎక్కొచ్చిన ఫియట్టు
తాళం తిప్పితే గిరగిరా తిరిగింది గానీ
అంటుకోలేదు.

బానెట్ మీద బంతిపూల దండ అప్పటికే వాడింది.
రాత్రికి రాయచోటిలో పెండ్లికొడుకును ఊరేగించాల.
అడ్వాన్సు తీసుకుంటి, అందులో సగం టైర్లకే పాయె.

ప్లగ్గులు విప్పినా, తుడిచినా, మళ్ళీ బిగించినా.
పాయింట్లు రుద్దినా. కాయిలును తిట్టినా.
తోసేదానికి కోవా అంగడి పిల్లోళ్ళు నలుగురొచ్చి
చెమటలు కక్కి పోయినారు.

పంక్చరు కొట్టు నీడలోంచి హుసేన్‌బీ లేచొచ్చింది.
చేతిలో పానా లేదు.
కొంగుతో ముఖం తుడుచుకుంటా ఒకటే అడిగింది:
"పోతా పోతా ఆగిందా, ఆపినాక మొరాయించిందా?"

ఆపినాకే, అన్నా.

"అట్లయితే నిప్పు ఉండాది. కూడే అందలేదు."

ముందు కాయిలు వైరు పీకి పక్కన పెట్టింది,
నిప్పురవ్వకూ పెట్రోలుకూ చుట్టరికం వద్దంట.
కార్బురేటరు కాడ పైపు ఊడబెరికి
సోడాసీసా మూతికి ఆనించి, "తిప్పు" అనింది.
చిమ్మాల్సింది చిమ్మలేదు.
నాలుగు నురగ చుక్కలు ఉమ్మి ఉస్సుమనింది.
పంపు గాజుమూత లోపల,
ఎసరు కాగేటప్పుడు గిన్నె అడుగున లేచే బుడగలు.

"ఆవిరి. పెట్రోలైతే పంపు పీలుస్తాది, నెడతాది.
ఆవిరిని ఏం నెడతాది?
గాలిని రోట్లో పోసి దంచినట్టే."

ఆ ఊర్లో ఉడుకు సంగతి ఎవురికీ చెప్పబన్లే.
ఎదురంగట్లో ఇనుప బాణలిలో పాలు
తెల్లారి నుంచి మరుగుతా ఉండాయి.
తెడ్డు తిప్పేవాడు చెయ్యి ఆపడు.

"ఇంజను తిరిగినంత సేపు ఫ్యాను గాలుంటాది,
పైపులో చల్లటి పెట్రోలు వస్తా పోతా ఉంటాది.
ఆపినావనుకో, గాలి నిలిచె, నీళ్ళు నిలిచె,
వేడి మాత్రం నిలవదు.
ఇనుములోంచి పైపులోకి పాకుతాది.
ఆగినాక పది నిమిషాలే బండికి అసలు ఎండ.
దానికి తోడు ఇప్పటి పెట్రోలు
పాతదాని మాదిరి ఓర్చుకోదు."

పొద్దున తమ్మునితో ఫోన్లో పడిన తగాదా గుర్తొచ్చింది.
మాట్లాడినంత సేపు బాగానే ఉన్నా.
పెట్టేసినాకే చెవులు కాలినాయి.
ఆమెకు చెప్పలే.

తడిపిండిన గోనెగుడ్డ పంపు మీద కప్పింది.
"నీళ్ళు కుమ్మరించొద్దు, గాజు పగులుతాది."
ఇరవై నిమిషాలు.
కోవా బిళ్ళ ఇస్తే సగం తిని
సగం కాగితంలో చుట్టుకునింది.

పొగగొట్టాన్ని ఒరుసుకుంటా పోయే పైపును
నాలుగు వేళ్ళ ఎడంగా వంచింది.
"పొయ్యి పక్కన పాలచెంబు దించినట్టుంది, ఎవుడు బిగించినాడు?"
నూనెడబ్బా రేకు కత్తిరించి మధ్యన అడ్డం పెట్టింది.
పంపు వెనక చెయ్యి పెట్టి చూసి నాలుక చప్పరించింది:
"ఇక్కడ బేకలైటు దిమ్మ ఉండాల. కడపకు పోతే వేయించు."
ఆఖర్న, తీగ మీద ఆరేసిన చీరకున్న
చెక్క క్లిప్పులు రెండు పీకి పైపుకు తగిలించింది.

ఇవి పనిచేస్తాయా?

"చేస్తాయని మా ఆయన అనేటోడు.
చేయవని నేననేదాన్ని.
ఆయన లేడు, క్లిప్పులుండాయి.
ఉండనీ."

రెండుసార్లు గొణిగి అంటుకునింది.
"ఊరేగింపంటే నడక," అని అరిచింది వెనకనుంచి,
"బాజాలు ఆగినా నువ్వు ఆపొద్దు!
ఆపితే బానెట్ ఎత్తిపెట్టు, దండ పోతే పోనీ!"

రాత్రి రాయచోటి బజారులో బాజాలు ఆగినాయి,
ఎవరో నోట్లు చల్లుతా ఉండారు.
వెనక సీటులో పెండ్లికొడుకు ముక్కు మూసుకొని
"ఆపన్నా, పొగ" అన్నాడు.
ఆపలేదు.
యాక్సిలేటరు మీద బొటనవేలు ఆనించి
వింటా ఉన్నా,
రేకు వెనక చెక్క క్లిప్పులు
టకటక కొట్టుకుంటా ఉండేది.